కొత్త ఔషధం అంటే ఏమిటి?

ఈ భాగం చదివిన తరువాత, ఒక మందును చట్టం ఎప్పుడు 'కొత్త ఔషధం'గా పరిగణిస్తుందో, ఆ గుర్తింపు ఎవరికి రక్షణో మీరు వివరించగలుగుతారు.

1. నిర్వచనం

ఇల్లందులోని మందుల దుకాణానికి తొలిసారి వచ్చిన మాత్రను మనం కొత్త మందు అంటాం. చట్టం అలా చూడదు. ఏళ్ల తరబడి వాడకంలో ఉన్న మందును మరో కంపెనీ వేరే పేరుతో తెచ్చినంత మాత్రాన అది కొత్త ఔషధం కాదు. 2019 నాటి 'కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు' ప్రకారం కొత్త ఔషధాలు ఇవి:

అ) దేశంలో చెప్పుకోదగినంతగా వాడకంలో లేని, కేంద్ర లైసెన్సింగ్ అధికారి ఆమోదం పొందని మందు.
ఆ) ఆమోదం ఉన్న మందునే కొత్త జబ్బుకు, కొత్త మోతాదులో లేదా కొత్త మార్గంలో (మాత్రకు బదులు సూదిగా) ఇవ్వదలచినప్పుడు.
ఇ) విడివిడిగా ఆమోదం ఉన్న మందులను తొలిసారి ఒకే మాత్రలో కలిపినప్పుడు, లేదా ఉన్న మిశ్రమంలో పాళ్లు మార్చినప్పుడు.
ఈ) మందు నెమ్మదిగా విడుదలయ్యేలా మార్చిన రూపాలు.
ఉ) టీకాలు, జన్యు చికిత్స ఉత్పత్తులు మొదలైనవి.

మొదటి మూడు రకాలు అనుమతి వచ్చిన నాటి నుంచి నాలుగేళ్లపాటు కొత్తవి. చివరి రెండు ఎప్పటికీ కొత్తవే.

'ఆ' రకాన్ని గమనించండి. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అందించిన మెథోట్రెక్సేట్‌ను మొదట క్యాన్సర్‌కు వాడారు, తరువాత కీళ్లవాతానికీ వాడుతున్నారు. పదార్థం పాతదే. కానీ ఒక జబ్బులో, ఒక మోతాదులో రుజువైన భద్రత మరో జబ్బుకు తనంత తాను వర్తించదు. అందుకే మళ్లీ రుజువు చూపాలి.

2. ఒక ఉదాహరణ: ఖమ్మం జిల్లా, 2009

ఇల్లందు అప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2009 జూలైలో అదే జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేయడం మొదలుపెట్టారు. 'పాత్' అనే అమెరికా సంస్థ దీన్ని చేపట్టింది. బాలికల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదివేవారు. టీకాకు దేశంలో 2008లోనే అనుమతి వచ్చింది కనుక ఇది ట్రయల్ కాదని నిర్వాహకులు అన్నారు.

కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. అయితే సమ్మతి తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి: తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన ఎన్నో పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఇది క్లినికల్ ట్రయలేనని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుబట్టింది.

ఇక్కడ గ్రహించవలసింది ఒకటి. అనుమతి వచ్చినంత మాత్రాన ఔషధం 'పాతది' కాదు. అప్పటి 122-ఇ నియమం కూడా టీకాలను కొత్త ఔషధాలుగానే చూసేది. వేలమందిలో ఒకరికి వచ్చే దుష్ఫలితం వాడకం విస్తరించాకే కనబడుతుంది. కనుక నిఘా, ఫిర్యాదుకు దారి, తెలిసి ఇచ్చే సమ్మతి తప్పనిసరి. ఆ టీకా మేలు తరువాత అనేక దేశాల్లో రుజువైంది. ఇక్కడ ప్రశ్న టీకా మంచిదా కాదా అని కాదు, బిడ్డ తల్లిని అడిగారా లేదా అని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జ్వరం మాత్రను, దగ్గు మందును తొలిసారి ఒకే మాత్రగా చేస్తే అది ఏ రకం కిందికి వస్తుంది?
2. మీ ఊరి బడిలో టీకా వేస్తామంటే తల్లిదండ్రులు అడగవలసిన మూడు ప్రశ్నలు రాయండి.