వాచ్‌లో స్కోర్ తగ్గిందని స్పీడ్ పెంచాను: రెండు మారథాన్‌ల మధ్య నేను చేసిన తప్పు

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం హైదరాబాద్ మారథాన్. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్. మధ్యలో సుమారు 20 వారాలు. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి నాకు 4 గంటల 52 నిమిషాలు పట్టింది. ముంబైలో 4:30 లోపు ముగించాలని అదే రోజు డిసైడ్ అయ్యాను. ఫ్లైట్ టికెట్లు కూడా బుక్ చేసేశాను.

మొదటి రెండు వారాలు బాగానే ఉన్నాను. నడక, నిద్ర, అంతే. మామూలుగా 56 ఉండే నా రెస్టింగ్ హార్ట్ రేట్ రేస్ మర్నాడు 63కి వెళ్లింది. మళ్లీ 56కి రావడానికి పది రోజులు పట్టింది. 42.195 కిలోమీటర్లు పరిగెత్తిన ఒంటికి ఆ మాత్రం టైమ్ ఇవ్వాల్సిందే.

అసలు కథ మూడో వారంలో మొదలైంది. నెమ్మదిగా జాగింగ్ స్టార్ట్ చేయగానే వాచ్‌లో వీఓ2 మ్యాక్స్ 47 నుంచి 44కి పడిపోయింది. మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, డాష్‌బోర్డ్‌లో గ్రాఫ్ కిందికి వెళ్తే ఊరుకోలేం. తర్వాతి మూడు వారాలూ దాదాపు ప్రతి రన్ స్పీడ్‌గా కొట్టాను. స్కోర్ ఒక పాయింట్ పెరిగింది. ఏడో వారంలో ఎడమ కాలి ముందు ఎముక పొడవునా నొప్పి. మెట్లు దిగాలన్నా పళ్లు బిగించాల్సి వచ్చింది.

ఫిజియో దగ్గరికి వెళ్తే షిన్ స్ప్లింట్స్ అన్నారు.

"వారానికి ఎన్ని రోజులు పరిగెడతారు?"

"ఐదు రోజులండీ."

"అందులో నెమ్మదిగా ఎన్ని?"

"వాచ్ ఏం చూపించిందంటే..."

"వాచ్ సంగతి కాదండీ, మీ సంగతి చెప్పండి."

నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు పరుగు బంద్, కావాలంటే సైకిల్ తొక్కండి అన్నారు. ఫిట్‌నెస్ మొత్తం పోతుందేమో అని భయపడితే, "రెండు వారాల్లో పోయేది తక్కువే. ఇలాగే పరిగెత్తితే మాత్రం ముంబై పోతుంది" అన్నారు.

స్కోర్ ఎందుకు పడింది?

ఆ రెండు వారాల్లో కూర్చుని పాత రన్‌ల డేటా తీశాను. మూడో వారంలో చేసిన స్లో జాగింగ్‌లో కూడా హార్ట్ రేట్ 168 నుంచి 172 దాకా ఉంది. ఆయాసం లేకుండా పక్కవాడితో కబుర్లు చెప్తూ పరిగెత్తిన రోజులవి! అనుమానం వచ్చి కేడెన్స్ గ్రాఫ్ పక్కన పెట్టి చూశాను. నిమిషానికి 170 అడుగులు. రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

దీన్ని కేడెన్స్ లాక్ అంటారు. వాచ్ కింద ఉండే గ్రీన్ లైట్ చర్మం లోపల రక్తప్రవాహంలో వచ్చే మార్పును బట్టి గుండె వేగాన్ని లెక్కిస్తుంది. వాచ్ వదులుగా ఉంటే చెయ్యి ఊగే లయనే గుండె లయ అనుకునే ఛాన్స్ ఉంది. వీఓ2 మ్యాక్స్ అనేది వాచ్ నేరుగా కొలిచేది కాదు, మీ స్పీడ్‌ని, హార్ట్ రేట్‌ని పోల్చి వేసే అంచనా. స్పీడ్ తక్కువ, హార్ట్ రేట్ ఎక్కువ కనిపిస్తే "ఫిట్‌నెస్ తగ్గింది" అని తేల్చేస్తుంది. అంటే నా ఫిట్‌నెస్ అంతగా పడిపోలేదు, నా వాచ్ బెల్ట్ వదులైంది. ఇది ఒక్క బ్రాండ్ సమస్య కాదు, మణికట్టు మీద కొలిచే ఏ వాచ్‌కైనా రావొచ్చు.

ఇప్పుడు నేను చేస్తున్నవి

బ్లూటూత్ చెస్ట్ స్ట్రాప్ కొన్నాను. అది గుండె నుంచి వచ్చే ఎలక్ట్రికల్ సిగ్నల్‌ని పట్టుకుంటుంది కాబట్టి అడుగుల లెక్కతో కన్ఫ్యూజ్ అవదు. తొమ్మిదో వారంలో అదే స్పీడ్‌తో అదే రూట్‌లో పరిగెత్తితే 141 చూపించింది.

స్ట్రాప్ వద్దనుకుంటే వాచ్‌ని మణికట్టు ఎముకకు కాస్త పైన బిగుతుగా కట్టండి. హార్ట్ రేట్, కేడెన్స్ గ్రాఫ్‌లు రెండూ ఒకేలా కనిపిస్తే ఆ రన్ డేటాని నమ్మకండి.

జోన్‌లను డీఫాల్ట్‌లో వదలకండి. చాలా వాచీలు 220 లోంచి వయసు తీసేసి మ్యాక్సిమమ్ హార్ట్ రేట్ పెట్టుకుంటాయి. అది ఉజ్జాయింపు మాత్రమే.

ఐదు రన్‌లలో నాలుగు నెమ్మదిగా, ఒక్కటే స్పీడ్‌గా. నెమ్మది అంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ఈ టెస్ట్‌కి ఏ గ్యాడ్జెట్టూ అక్కర్లేదు. లాంగ్ రన్ 12 కిలోమీటర్ల నుంచి మెల్లగా 30 దాకా తెచ్చాను. మధ్యమధ్యలో ఒక వారం తగ్గించాను.

ముంబైకి ఇంకా రెండు వారాలు. చివర్లో వచ్చే పెద్దర్ రోడ్ ఎత్తు కోసం కాళ్లు దాచుకోవాలి కాబట్టి దూరం బాగా తగ్గించేశాను. 4:30 వస్తుందో లేదో తెలీదు. కాలు మాత్రం నొప్పి లేదు.

నిన్న రాత్రి వాచ్ మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చింది, ఫిట్‌నెస్ తగ్గుతోందని. చార్జింగ్‌కి పెట్టి పడుకున్నాను.