మీకు తెలుసా? అమ్మిందీ వాళ్లే, కొన్నదీ వాళ్లే

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీ 2022-23లో తన స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ పక్కనున్న రెండు హోటళ్లను 7.65 కోట్ల పౌండ్లకు అమ్మింది. కొన్నది మాత్రం తన యజమానులదే అయిన మరో కంపెనీ!

హోటళ్లు ఈనాటికీ స్టాంఫర్డ్ బ్రిడ్జ్ ఆవరణలోనే ఉన్నాయి. మారిందల్లా క్లబ్ ఖాతాలో నష్టం అంకె. ఆ సమయంలో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్ మూడేళ్లకు కలిపి గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్ల నష్టం చూపించవచ్చు. అందులోనూ 1.5 కోట్లు దాటిన సొమ్మును యజమాని అప్పుగా కాకుండా వాటా పెట్టుబడిగా పెట్టి పూడ్చాలి. ఆ గీత దాటితే ఎంతటి కోటీశ్వరుడైనా చెక్కు రాసిచ్చి గట్టెక్కలేడు. 2023-24 సీజన్‌లో ఎవర్టన్ క్లబ్‌కు ఈ లెక్కల మీదే మొత్తం 8 పాయింట్లు కోత పడ్డాయి.

పోనీ, యజమానికి చెందిన కంపెనీ చేతే జెర్సీ స్పాన్సర్‌షిప్ పేరిట భారీగా ఇప్పిస్తేనో? మార్కెట్ ధరకు మించిన సొమ్మును లీగ్ ఒప్పుకోదు. హోటళ్ల ధరనూ అలాగే పరిశీలించి సరేనంది. మరుసటి ఏడాది చెల్సీ తన మహిళల జట్టునే మాతృసంస్థకు అమ్మి, దాదాపు 20 కోట్ల పౌండ్ల లాభం రాసుకుంది. చట్టప్రకారం తప్పు లేదు గానీ, గడుసుతనానికి తక్కువేం లేదు.

యూరప్ పోటీలు నడిపే యూఈఎఫ్ఏ లెక్కల్లో ఇలాంటి ఇంటి బేరాలు చెల్లవు. 2025 జులైలో అది చెల్సీకి 3.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.