ప్రసాదం ఊళ్ళో వరప్రసాదం

తిరుపతిలో ప్రసాదమంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. కొండ మీంచి వచ్చినవాళ్ళు లడ్డూ చిదిపి నాలుగిళ్ళకూ పంచుతారు. పుచ్చుకునేవాళ్ళు కుడి చెయ్యి చాపి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటారు. నాకెందుకు ఇస్తున్నారు, నేనేం చేశానని, అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. కౌంటర్లో దానికి వెల ఉంటుంది. పొరుగింటి గడపలో ఉండదు.

ఇదే ఊళ్ళో కతోలికులు రోజూ పలికే మాట 'వరప్రసాదం'. జపమాల తిప్పుతూ మరియమ్మను వరప్రసాదంతో నిండిన తల్లిగా పిలుస్తారు. ఆదివారం పూజలో పుచ్చుకునేది దివ్యసత్ప్రసాదం. మగబిడ్డ పుడితే దేవవరప్రసాద్ అని పేరు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. లూథరన్ల ఇళ్ళలో ఇదే భావానికి 'కృప' అంటారు. తమిళ పూజల్లో అది 'అరుళ్'.

కతోలిక మతం ఈ ప్రాంతానికి నిన్నమొన్న వచ్చింది కాదు. 18వ శతాబ్ది తొలి ఏళ్ళలోనే ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు చేరారు. కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల మాదిరి బతికారు. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నొబిలి వేసిన బాట అది: ఇక్కడి మాటలతోనే ఇక్కడివాళ్ళకు మతం చెప్పడం. జ్ఞానస్నానం (బాప్టిజం), గురుపట్టాభిషేకం, విభూతి బుధవారం అన్న మాటలు వింటే ఆ బాట ఎటు పోయిందో తెలుస్తుంది.

వరప్రసాదం అన్న మాట మాత్రం నిజంగా బాగా కుదిరింది. ప్రసాదం, ప్రసన్నం ఒకే ధాతువులోంచి పుట్టాయి. దేవుడు ప్రసన్నుడు కావడమూ ప్రసాదమే, ఆ ప్రసన్నతకు గుర్తుగా చేతికొచ్చేదీ ప్రసాదమే. కతోలిక బోధ కూడా ఈ రెంటినీ విడదీయదు. దేవుడు మనిషిని ఇష్టపడి తన్ను తాను ఇచ్చుకుంటాడు. ఆ ఇవ్వడం వల్ల మనిషి లోపల ఏదో మారుతుంది. మారకుండా ఉంటే ఇచ్చింది అందనట్టే.

ఆ మార్పు ఎలాంటిదో చెప్పడానికి చిత్తూరు జిల్లాలో మామిడి నర్సరీకి మించిన చోటు లేదు. టెంక నుంచి మొలిచిన నాటు మొక్క ఉంటుంది. దాన్ని కోసి, మంచి రకం చెట్టు పుల్ల తెచ్చి అంటు కడతారు, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుడతారు. పుల్ల చిగురేసిందంటే అంటు పట్టినట్టు. వేరు పాతదే, బలం పాతదే, ఆ నేలను పట్టుకుని నిలబడేదీ పాత మొక్కే. కాసేది మాత్రం తోతాపురి. వరప్రసాదం స్వభావాన్ని పెరికివేయదు, దాన్ని పరిపూర్ణం చేస్తుందని 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ చెప్పింది ఈ పద్ధతే. కోపిష్టికి జ్ఞానస్నానం ఇచ్చినంత మాత్రాన శాంతమూర్తి అయిపోడు. అంటు కింద నుంచి నాటు చిగుళ్ళు వస్తూనే ఉంటాయి, గిల్లుతూనే ఉండాలి. గిల్లడం మానేస్తే నాటుదే పైచేయి అవుతుంది. ఆ స్థితిలో మళ్ళీ అంటు కట్టించుకునే చోటు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడం.

అంటు పుల్లలా లోపల నిలిచి ఉండే ఈ కొత్త ప్రాణాన్ని పవిత్రీకరించే వరప్రసాదం అంటారు. ఇది కాక, అవసరానికి అప్పటికప్పుడు అందే సాయం ఒకటుంది. పలమనేరు దగ్గర ఒక పల్లె అనుకోండి. అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి మూడేళ్ళుగా పలకరింపుల్లేవు. ఒక రాత్రి అన్న గేట్‌వాల్వు తన చేనివైపు తిప్పబోతూ, తమ్ముడి టమాటా వాడిపోతోందని గమనించాడు. చెయ్యి ఒక క్షణం ఆగింది. ఆ ఆగడమే దేవుడి సాయమంటుంది కతోలిక బోధ. తిప్పాలా వద్దా అన్నది మాత్రం అతని ఇష్టం.

ఇక్కడే పాత చిక్కు ఒకటుంది. దేవుడే చేస్తే మనిషి చేసేదేమిటి? తిరుపతి పాఠకులకు ఈ చర్చ కొత్త కాదు. కోతి పిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది, పిల్లి పిల్లను తల్లే నోట కరుచుకుపోతుంది. మర్కట కిశోర, మార్జాల కిశోర న్యాయాలని వైష్ణవంలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. కతోలికులను ఈ రెంటిలో ఏదో ఒకదానికి కట్టేయలేం. మొదటి అడుగు ఎప్పుడూ దేవుడిదేనని 529లో ఆరెంజ్‌లో జరిగిన మతసభ తేల్చింది. ఆ అడుగుకు మనిషి సరేననవచ్చు, కాదనవచ్చు అని 1547లో ట్రెంట్ మహాసభ జోడించింది. అంటే పిల్లిలాగా తల్లే ఎత్తుకుంటుంది, కాకపోతే పిల్ల విదిలించుకోగలదు.

లూథరన్లతో కతోలికుల తగవు కూడా ఈ ప్రశ్న దగ్గరే మొదలైంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇరుపక్షాలూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. రక్షణ కృపవల్లే గాని మన పుణ్యంవల్ల కాదని ఒప్పుకున్నాయి. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ప్రధాన కేంద్రం తిరుపతిలోనే ఉంది. ఆ రకంగా ఇది మన వీధి వార్తే.

పండితులు ఒప్పుకున్నంత మాత్రాన జనం లెక్కలు మారవు. సెప్టెంబరు 8 పండక్కి వేళాంగణి వెళ్ళేవాళ్ళ మాటలు వినండి. బిడ్డకు నయమైతే గుండు గీయిస్తాను, కొవ్వొత్తి వెలిగిస్తాను అంటారు. మొక్కు తప్పని గురువులు అనరు. అది ధర కాదు, దండం అంటారు. నాకైతే ఈ తేడా ప్రసంగంలో కంటే లడ్డూ పంచిన గడపలోనే తేలిగ్గా అర్థమవుతుంది.

మరి అనుభవం సంగతి? పాటలో కళ్ళు చెమర్చితే, ఒళ్ళు పులకరిస్తే వరప్రసాదం అందినట్టేనా? కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని మనసు రుచి చూసి తేల్చలేమన్నది సంఘం బోధ. 1431లో విచారణకు నిలబెట్టిన జోన్ ఆఫ్ ఆర్క్‌ను మతన్యాయాధిపతులు నువ్వు వరప్రసాద స్థితిలో ఉన్నావా అని అడిగారు. ఉన్నానంటే గర్వం, లేనంటే నేరం ఒప్పుకున్నట్టు. చదువురాని ఆ ఫ్రెంచి పల్లె పిల్ల, లేకుంటే దేవుడే అందులో ఉంచాలని, ఉంటే అందులోనే నిలపాలని కోరుకుంది. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక, ఏళ్ళ తరబడి ఆమెకు ప్రార్థనలో దేవుడి జాడే తెలియలేదని లోకానికి తెలిసింది. అయినా పొద్దున్నే లేచి రోగుల దగ్గరికి వెళ్ళేది. అంటు పట్టిందా లేదా అని ప్లాస్టిక్ పట్టీ విప్పి చూసుకునేవాళ్ళకు అంటు దక్కదు.

పలమనేరు పల్లెలోని అన్న ఆ రాత్రి వాల్వు తమ్ముడి మడివైపే తిప్పి ఇంటికి పోయాడనుకుందాం. మనసు తేలికపడలేదు, పైగా తన చేను ఎండుతుందన్న దిగులు. ఆదివారం గుళ్ళో వరసలో నిలబడి, కుడి చేతిమీద ఎడమ చెయ్యి దొప్పగా పట్టాడు. ఉప్పు లేని, పులియని గోధుమ అప్పం, రూపాయి బిళ్ళంత, అరచేతిలో పడింది. ఆమెన్ అన్నాడు. వెనక వరసలో తమ్ముడున్నాడో లేడో తిరిగి చూడలేదు.