పెంపుడు కుందేలు చర్మంపై పక్కులు, పుండ్లు: వ్యాధిని గుర్తించడం ఎలా? ఇంటి వైద్యం ఎందుకు ప్రమాదకరం?

కుందేలు వెనుక కాలితో చెవిని గోక్కుంటుంది. తల విదిలించి మళ్లీ మేతలో పడుతుంది. చూసేవారికి అది ముచ్చటగానే ఉంటుంది. రెండు, మూడు వారాలు గడిచాక చెవి లోపల గోధుమరంగు పొరలు కనిపిస్తాయి. మురికి పేరుకుందనుకుని ఎవరో దూదిపుల్లతో గీకుతారు. రక్తం వస్తుంది, కుందేలు మేత మానేస్తుంది.

పెంపుడు కుందేళ్లలో చర్మవ్యాధులు సర్వసాధారణం. వాటిలో అత్యధికం చికిత్సతో పూర్తిగా నయమవుతాయి. అయినా అనేక కుందేళ్లు ప్రాణాలు కోల్పోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం. రెండోది, కుక్కలకో మనుషులకో ఉద్దేశించిన మందును కుందేలుకు వాడటం. చాలా సందర్భాల్లో మొదటి దానికంటే రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది.

నొప్పిని దాచుకునే జీవి

కుందేలు ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి. బలహీనంగా కనిపిస్తే శత్రువు కంట పడుతుంది. అందుకే బాధను బయటికి కనబడనీయకపోవడం దాని సహజ లక్షణం. కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు. మేత తగ్గడం, పెంటికలు చిన్నవి కావడం, ఒక మూలన ముడుచుకుని కూర్చోవడం, పళ్లు గట్టిగా కొరకడం వంటివే దాని బాధకు ఆనవాళ్లు.

కుందేలు చర్మం చాలా పలుచన. దట్టమైన బొచ్చు కింద పుండు ఉన్నా పైకి తెలియదు. చూపుతో పాటు చేతి స్పర్శ కూడా అవసరం. వారానికి ఒకసారి బొచ్చును వెనక్కి దువ్వుతూ చర్మాన్ని పరిశీలించడం, చెవుల లోపల, గడ్డం కింద, అరికాళ్లు, తోక చుట్టూ చూడటం అలవాటు చేసుకోవాలి. ఇందుకు ఐదు నిమిషాలు చాలు.

బొచ్చు రాలిన ప్రతిసారీ వ్యాధి అనుకోనక్కరలేదు. రుతువు మారే వేళల్లో కుందేలు పాత బొచ్చు విడిచి కొత్తది తొడుక్కుంటుంది. అప్పుడు కింది చర్మం శుభ్రంగా ఉంటుంది, దురద ఉండదు. ఈనబోయే ఆడ కుందేలు తన పొట్ట మీది, గడ్డం కింది బొచ్చును పీకి గూడు కట్టుకుంటుంది. చూలు లేకపోయినా ఉన్నట్టు భ్రమించే స్థితిలో కూడా ఇలాగే చేస్తుంది. చర్మం ఎర్రబడటం, పొట్టు లేవడం, పక్కు కట్టడం, తడిగా ఉండటం, దుర్వాసన రావడం మాత్రం వ్యాధి లక్షణాలు.

చెవిలో పేరుకునేది మురికి కాదు

చెవి లోపల పొరలుపొరలుగా కట్టే గోధుమరంగు పక్కులకు ప్రధాన కారణం సోరోప్టిస్ క్యూనిక్యులి అనే సూక్ష్మ పురుగు. ఇది చర్మాన్ని తొలచదు, ఉపరితలంపైనే బతుకుతుంది. దాని వల్ల కలిగే వాపు, స్రవించే ద్రవం, పురుగుల విసర్జితాలు కలిసి గట్టి పక్కుగా మారతాయి. నిర్లక్ష్యం చేస్తే వ్యాధి చెవి లోతుల్లోకి పాకి, సూక్ష్మక్రిములు కూడా తోడై, కుందేలు తల ఒక పక్కకు వాలిపోవచ్చు.

ఈ పక్కులను పీకకూడదు. వాటి కింద చర్మం పచ్చి పుండులా ఉంటుంది. మందు పనిచేస్తే పురుగులు చచ్చి, పక్కులు కొద్ది రోజుల్లో వాటంతటవే రాలిపోతాయి. కుందేలు తన శరీర వేడిని చాలావరకు చెవుల ద్వారానే బయటికి పంపుతుంది. చెవులు పట్టుకుని దానిని ఎత్తడం మామూలు రోజుల్లోనే తగదు, ఈ స్థితిలో అది హింసే.

ముఖం, కాళ్లపై గజ్జి

ముక్కు కొన, పెదవులు, కనురెప్పల అంచులు, గోళ్ల చుట్టూ తెల్లగా, పసుపుగా పక్కు కడితే సార్కోప్టిస్ జాతి గజ్జి పురుగును అనుమానించాలి. ఇది చర్మంలో సొరంగాలు తొలిచి గుడ్లు పెడుతుంది. దురద తీవ్రంగా ఉంటుంది. ముఖమంతా పక్కు కట్టిన కుందేలు మేత మేయలేక చిక్కిపోతుంది. ఒకే పంజరంలో ఉన్న కుందేళ్లకు వేగంగా అంటుకుంటుంది. దానిని పట్టుకున్నవారి చేతులు, ముంజేతులపై దద్దుర్లు, దురద రావచ్చు. జంతువుల నుంచి వచ్చిన గజ్జి మనుషుల్లో సాధారణంగా ఎక్కువకాలం నిలవదు. అయితే కుందేలుకు చికిత్స జరగకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది.

మెడ వెనుక, వీపుపై తెల్లని చుండ్రు విపరీతంగా రాలుతుంటే కారణం కైలెటియెల్లా అనే మరో పురుగు కావచ్చు. పొట్టు రేణువుల కింద పురుగులు కదలడం వల్ల చుండ్రే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకే దీనికి ‘నడిచే చుండ్రు’ అనే పేరు వచ్చింది. నల్లని కాగితంపై బొచ్చు దువ్వి, రాలిన పొట్టును గమనిస్తే ఒక్కోసారి ఆ కదలిక కనిపిస్తుంది. వయసు మీరిన, స్థూలకాయమున్న, పళ్ల సమస్య ఉన్న కుందేళ్లు వీపును నాకి శుభ్రం చేసుకోలేవు. ఈ పురుగు వాటిలోనే ఎక్కువగా విజృంభిస్తుంది. అంటే చుండ్రు వెనుక మరో వ్యాధి దాగి ఉండవచ్చు.

తామర: కుందేలుతో పాటు కుటుంబానికీ

ముఖం, చెవులు, ముందు కాళ్లపై గుండ్రంగా బొచ్చు ఊడి, పొట్టు రేగితే అది తామర కావచ్చు. కుందేళ్లలో దీనికి ఎక్కువగా ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ అనే శిలీంధ్రం కారణమవుతుంది. పిల్ల కుందేళ్లలో అధికం. కొన్ని కుందేళ్లు ఏ లక్షణమూ లేకుండానే దీనిని మోస్తుంటాయి. ఇది మనుషులకు అంటుకుంటుంది. ఒళ్లో పెట్టుకుని ఆడించే పిల్లల ముంజేతులపై, మెడపై గుండ్రని మచ్చలు రావచ్చు.

ఇంట్లో పిల్లలకు తామర సోకిందని తెలిసినప్పుడే చాలా కుందేళ్లు పార్కుల పాలో, ఖాళీ స్థలాల పాలో అవుతాయి. బోనులో పుట్టి పెరిగిన కుందేలు వీధిలో బతకదు. కుక్కలు, పిల్లులు, ఎండ దాన్ని మిగల్చవు. దాన్ని వదిలించుకున్నంత మాత్రాన ఇంట్లో తామరా పోదు. రాలిన బొచ్చులోని శిలీంధ్ర బీజాలు నెలల తరబడి సజీవంగా ఉంటాయి. కుందేలుకు పశువైద్యుడి వద్ద, పిల్లలకు చర్మవైద్యుడి వద్ద ఒకే సమయంలో చికిత్స చేయించి, ఇల్లు శుభ్రం చేయడమే మార్గం.

తామర అనగానే మందుల దుకాణంలో దొరికే మిశ్రమ క్రీములు రాయడం దేశమంతటా ఉన్న అలవాటు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది దురదను తాత్కాలికంగా అణచి, శిలీంధ్రం విస్తరించడానికి దారి ఇస్తుంది. మనుషులకే హాని చేసే ఈ క్రీములు కుందేలుకు మరింత ముప్పు. స్టెరాయిడ్‌ను తట్టుకునే శక్తి వాటికి చాలా తక్కువ. పైగా రాసినదంతా అవి నాకేస్తాయి.

పంజరమే తెచ్చిపెట్టే పుండ్లు

అన్ని చర్మ సమస్యలకూ పురుగులు, శిలీంధ్రాలే కారణం కావు. కుందేలు అరికాలికి కుక్క, పిల్లి పాదాలకు ఉండే మెత్తలు ఉండవు. బొచ్చు ఒక్కటే రక్షణ. అడుగున ఇనుప జాలీ ఉన్న పంజరంలో నెలల తరబడి నిలబడితే ఆ బొచ్చు అరిగి, మడమల కింద చర్మం ఎర్రబడి, చివరికి పుండు పడుతుంది. ముదిరితే ఎముకకు చేరుతుంది. బరువెక్కిన కుందేళ్లు, అరికాళ్లపై పలుచని బొచ్చు ఉండే రెక్స్ జాతి కుందేళ్లు దీనికి ఎక్కువగా గురవుతాయి. జాలీపై మెత్తని ఎండుగడ్డి మందంగా పరచడం, రోజూ కొన్ని గంటలు బయట తిరగనివ్వడం మందుతో సమానమైన చికిత్స.

గడ్డం కింద బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటే పళ్లు చూపించాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతాయి. గడ్డి తగినంత నమలకపోతే అరగక వంకరపోయి, నోటి నుంచి చొంగ కారుతుంది. ఆ తడికి చర్మం ఒరిసిపోతుంది. వెనుక భాగం మూత్రంతో తడిసి ఎర్రబడితే మూత్రాశయ సమస్య, స్థూలకాయం, వెన్ను నొప్పి వంటి కారణాలను వెతకాలి. ఈ రెండు సందర్భాల్లోనూ చర్మానికి మాత్రమే మందు రాస్తే ఫలితం ఉండదు.

వర్షాకాలంలో అన్నిటికంటే భయంకరమైనది ఈగలు గుడ్లు పెట్టడం. తడిసి, మలం అంటిన బొచ్చుపై ఈగ వాలితే, కొన్ని గంటల్లోనే గుడ్లు పొదిగి పురుగులు చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. తోక చుట్టూ పురుగులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. అది అత్యవసర స్థితి. చర్మం కింద గట్టి గడ్డ తగిలినా వైద్యుడికి చూపించాలి. కుందేలు చీము టూత్‌పేస్టులా చిక్కగా ఉంటుంది. నొక్కితే బయటికి రాదు, చాలాసార్లు శస్త్రచికిత్స అవసరమవుతుంది.

ప్రాణం తీసే మందులు

కుక్కలపై పిడుదులు, పేలు పోవడానికి వాడే ఫిప్రోనిల్ మందు కుందేళ్లకు విషం. ఈ మందు ఉన్న ఉత్పత్తుల సూచనల్లోనే కుందేళ్లకు వాడరాదని ఉంటుంది. దీని వల్ల కుందేలు నీరసించి, మేత మాని, మూర్ఛలతో చనిపోవచ్చు. కుక్కల మెడకు కట్టే పురుగుల నివారణ పట్టీలనూ వాడకూడదు.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పట్టించడం మరో ఘోరమైన పొరపాటు. కుందేలు జీర్ణక్రియ పెద్దపేగు మొదట్లో ఉండే అంధనాళంలోని మేలు చేసే సూక్ష్మజీవులపై ఆధారపడి ఉంటుంది. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్ వంటి మందులు నోటి ద్వారా లోపలికి వెళితే ఆ సమతౌల్యం దెబ్బతిని, హానికర క్రిములు పెరిగి, విషాలు విడుదలవుతాయి. కుందేలు విరేచనాలతో మరణిస్తుంది. విచిత్రమేమిటంటే, కుందేళ్ల జననాంగాలపై, ముక్కుపై పుండ్లు కలిగించే ఒక వ్యాధికి పశువైద్యులు పెన్సిలిన్‌నే ఇస్తారు. కానీ దానిని ఇంజెక్షన్‌గా మాత్రమే వాడతారు. మందు ఒకటే అయినా ఇచ్చే దారి ప్రాణాన్ని నిర్ణయిస్తుంది.

కర్పూరం కలిపిన నూనెలు, ఫినాయిల్, కిరోసిన్ వంటివి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే లోపలికి వెళతాయి. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. స్నానం కూడా పనికిరాదు. తడిసిన కుందేలు భయంతో, చలితో కుప్పకూలవచ్చు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న పట్టుదల ఇక్కడ ఏమాత్రం పనికిరాదు.

వైద్యుడు ఏం చేస్తారు?

పక్కు నుంచి కొద్దిగా గీకి, లేదా పారదర్శక టేపును చర్మానికి అంటించి తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే చాలావరకు పురుగుల జాడ తెలుస్తుంది. తామర అనుమానిస్తే బొచ్చును ప్రయోగశాలలో పెంచి చూస్తారు. ఫలితానికి రెండు, మూడు వారాలు పట్టవచ్చు.

పురుగులకు ఐవర్‌మెక్టిన్, సెలామెక్టిన్ వాడతారు. ఐవర్‌మెక్టిన్ ఆవిష్కరణకు మూలమైన పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మంచి మందే అయినా మోతాదులోనే చిక్కు ఉంది. కుందేలుకు సాధారణంగా కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు ఇస్తారు. పశువులకు వాడే 1 శాతం ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అంటే కిలోన్నర కుందేలుకు కావలసింది 0.03 నుంచి 0.06 మిల్లీలీటర్లు మాత్రమే. కంటి అంచనాతో ఒక చుక్క ఎక్కువైనా మోతాదు బాగా పెరిగిపోతుంది. తూకం వేయకుండా ఈ మందు ఇవ్వకూడదన్నది ఇందుకే.

ఈ మందు గుడ్లను చంపదు. అందువల్ల 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఇస్తారు. దురద తగ్గిందని రెండో మోతాదు మానేస్తే, పొదిగిన పురుగులతో వ్యాధి తిరగబెడుతుంది. కలిసి ఉన్న కుందేళ్లన్నిటికీ ఒకేసారి చికిత్స చేయాలి.

కుందేళ్ల వైద్యంలో అనుభవమున్న వైద్యులు అన్నిచోట్లా దొరకరు. అలాంటప్పుడు పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఇందుకు అందుబాటులో ఉన్నాయి.

ఇంట్లో చేయాల్సినవి

చెవి పురుగులు కుందేలు శరీరం వెలుపల కూడా అనుకూల వాతావరణంలో దాదాపు మూడు వారాలు బతకగలవు. కనుక చికిత్స సాగుతున్నన్ని రోజులూ పరుపుగడ్డి మార్చి పారేయాలి. పంజరాన్ని వేడినీటితో కడిగి ఎండబెట్టాలి. గుడ్డలు వేడినీటిలో ఉతకాలి. తామర ఉంటే దువ్వెన, చెక్క వస్తువులు మార్చడం మేలు. కుందేలును ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

మేతలో అధికభాగం గడ్డే ఉండాలి. దిగుమతి గడ్డి ఖరీదైతే పురుగుమందులు తగలని గరికను శుభ్రం చేసి పెట్టవచ్చు. గడ్డి నమిలితే పళ్లు అరుగుతాయి, పేగులు కదులుతాయి, బరువు అదుపులో ఉంటుంది. పైన చెప్పిన చర్మ సమస్యల్లో సగానికి మూలాలు అక్కడే తెగుతాయి.

కొత్త కుందేలును తెచ్చినప్పుడు కొన్ని వారాలు విడిగా ఉంచి, చెవులు, పాదాలు పరీక్షించాకే పాతవాటితో కలపాలి. పల్లెల్లో చెవులపిల్లి అని పిలిచే అడవి కుందేలు మాత్రం వేరే జాతి. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలో ఉంది. దానిని పట్టి పెంచడం నేరం.

కుందేలు పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా, తల వాలిపోయినా, పుండులో పురుగులు కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి. అంతకుముందు వాడిన మందు ఏదైనా ఉంటే దాని సీసాను, డబ్బాను వెంట తీసుకెళ్లడం మరవకూడదు. ఏం రాశారో, ఎంత పట్టించారో దాచకుండా చెబితేనే వైద్యుడు సరైన చికిత్స చేయగలుగుతారు.