బండ మీద పాదాలు

చలికాలం సికింద్రాబాదులో ఓ వింత చూడొచ్చు. తలకి మంకీ క్యాపు, మెడకి మఫ్లరు, ఒంటికి స్వెటరు. కాళ్లకి మాత్రం ఏమీ ఉండదు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఉత్త పాదాలు బండ మీద ఆనించి పొద్దుటినుంచీ కంప్యూటరు ముందు కూర్చుంటాం. మధ్యాహ్నానికి కాళ్లు కొంకర్లు పోతున్నాయని వాపోతాం.

ఇదేమన్నా సిమ్లానా, ఇంత చలెక్కడిది? మన ఊరు దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మబ్బు ఉండదు, తేమ తక్కువ. నేల పగలు దాచుకున్న వేడి తెల్లారేసరికి ఆకాశంలోకి పోతుంది. బేగంపేటలో 1946 జనవరిలో 6.1 డిగ్రీలు నమోదైంది. మన ఇళ్లేమో ఎండాకాలాన్ని తలుచుకుని కట్టినవి. ఒకప్పుడు తాండూరు బండ, షాబాదు బండ, ఇప్పుడు గ్రానైటు. మే నెలలో హాయినిచ్చే ఆ బండే ఇప్పుడు పగబడుతుంది.

మరి బండ గదికన్నా చల్లగా ఉంటుందా? పెద్దగా ఉండదు. ఒక కాలు చెక్కపీట మీద, ఒక కాలు బండ మీద పెట్టి చూడండి. రెండూ ఒకే గదిలో రాత్రంతా ఉన్నవే, అయినా బండ జివ్వుమంటుంది. గ్రానైటు చెక్కకన్నా పది రెట్లకు పైగా సులువుగా వేడిని లాగేస్తుంది. అంటే బండ చలిని ఇవ్వడం లేదు, మీ వేడిని పట్టుకుపోతోంది.

ఒళ్లు కూడా అందుకు తోడవుతుంది. చలి తగలగానే గుండె, కాలేయం వంటివాటిని కాపాడుకోడానికి పాదాల్లోని రక్తనాళాల్ని బిగిస్తుంది. పైగా కూర్చున్నప్పుడు పిక్కలు కదలవు. నడకలో రక్తాన్ని పైకి తోసేవి అవే.

కాబట్టి సాక్సులకన్నా ముందు కాలి కింద ఏముందో చూసుకోవాలి. నాలుగు మడతల జంపఖానా వేయండి. వరంగల్‌ది దొరికితే మరీ మంచిది, మందంగా ఉంటుంది. లేదా సరుకులొచ్చిన అట్టపెట్టె విప్పి పరచండి, దాని మడతల్లో చిక్కుకున్న గాలి వేడిని దాటనివ్వదు. అందంగా ఉండదు, నిజమే. బల్ల కింద ఎవరు చూస్తారు? చల్లగాలి నేలబారుగా వస్తుంది కాబట్టి తలుపు కింది సందులో పాతచీర చుట్టి పెట్టండి.

సాక్సులు ఊలువి, వదులుగా ఉండాలి. బిగుతువి రక్తాన్నే ఆపుతాయి, చెమటకి తడిసినవి ఇంకా చల్లబరుస్తాయి. అరగంటకోసారి లేచి, మునివేళ్ల మీద ఇరవైసార్లు లేచి దిగండి. ఫోను మాట్లాడేదేదో నడుస్తూ మాట్లాడండి.

వేడినీళ్ల సంచి పెట్టుకుంటే తువ్వాలు చుట్టి పెట్టండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు దాని జోలికి పోవద్దు, కాలినా తెలియదు. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం అసలు వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకి వాసన ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా ఒక్క పాదమే చల్లగా ఉంటున్నా, రంగు మారుతున్నా, మే నెలలోనూ అలాగే ఉన్నా, అది బండ పని కాదు. డాక్టరుకి చూపించండి.