పదిమంది నోట పలుకు ప్రార్థన

కష్టము వచ్చినప్పుడు దేవుని తలచుట అన్ని మతముల యిండ్లలోను ఉన్నదే. ఆ కష్టమును పదిమందితో కలిసి వేడుకొను రీతి కతోలిక క్రైస్తవులలో ఎట్లు సాగుచున్నదో తెలిసికొనదగినది.

హిమాయత్‌నగరము నుండి బషీర్‌బాగు మీదుగా ఆబిడ్సునకు పోవువారికి గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథీడ్రలు కానవచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన యీ దేవాలయము హైదరాబాదు అగ్రపీఠమునకు ప్రధానాలయము. ఆ ప్రాంతముననే 1904లో స్థాపింపబడిన రోజరీ కాన్వెంటు పాఠశాల యున్నది. దాని పేరు వినని యిల్లాండ్రు నగరమున అరుదు. కాని రోజరీ యనగా జపమాల యని యెందరెరుగుదురు?

జపమాలలో పదేసి పూసల వరుసలు అయిదుండును. ఆ పూసలలో ఒక్కొక్కదానికి ఒక మంగళవార్త జపము. ఒకరు మొదటి సగము చెప్పగా తక్కినవారు రెండవ సగము అందుకొందురు. మొదటిది మరియమాతకు వందనము. రెండవది ఇప్పుడును, మరణ సమయమందును తమ కొరకు వేడుకొమ్మను విన్నపము. ఈ పంపకములో ఎంతో ఓదార్పు గలదు. బిడ్డ జ్వరముతో పడియున్న తల్లికి గొంతు పెగలకపోయినను జపము ఆగదు; ప్రక్కవారు నడిపింతురు. ఆమె పూస జరిపిన చాలును. మంగళ, శుక్రవారములలో ధ్యానించు దుఃఖ దేవరహస్యములలో కడపటిది క్రీస్తు సిలువ మరణము. కన్నకొడుకు మరణమును కన్నులార చూచిన తల్లికే తమ మొర చెప్పుకొనుచున్నారన్న మాట.

దివ్యపూజలో విశ్వాసుల ప్రార్థన యనునది వేరొకటి. చిరకాలము మరుగుపడిన దీనిని పునరుద్ధరింపవలెనని రెండవ వాటికన్ మహాసభ 1963లో నిర్ణయించెను. శ్రీసభ కొరకు, పాలకుల కొరకు, ఆపన్నుల కొరకు, తమ యూరి కొరకు వరుసగా వేడుకొందురు. తన యింటి బాధ లోకపు బాధల నడుమ ఒకటియై నిలుచును.

యుద్ధకాలములందును ఈ రీతియే. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగా, 1917లో, పదునైదవ బెనెడిక్టు పోపు మరియమాత బిరుదులను వరుసగా పలుకు ప్రార్థనలో శాంతి రాజ్ఞి యను బిరుదును చేర్పించెను. ఇక రోగుల కొరకు ఫిబ్రవరి 11, లూర్దుమాత పండుగ దినము, 1993 నుండి ప్రత్యేకింపబడినది. విజయవాడ గుణదల మాత యుత్సవము ముగియునదియు ఆ దినముననే.

అయితే ప్రార్థన ఔషధమునకు మారు కాదు. కతోలికులు తామే వైద్యశాలలు నడుపుచున్నారు. వ్యాధిగ్రస్తులకు తైలము పూసి చేయు ప్రార్థనలో దేహస్వస్థతతోపాటు మనోధైర్యమును కోరుదురు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు దేవాలయముల తలుపులు మూతపడెను. రెండు దినములకు ఫ్రాన్సిస్ పోపు వాటికన్ నగరమున, జనము లేని సెయింట్ పీటర్సు చౌకములో, వానలో నిలిచి లోకము కొరకు ప్రార్థించెను. ఏప్రిల్ 12వ తేదీ ఈస్టరు పండుగయు మూసిన తలుపుల వెనుకనే గడచెను. కలిసి చేయు ప్రార్థనకు ఇల్లే తావయ్యెను. ఇంట జపమాల చెప్పించుట తల్లులకు, అవ్వలకు క్రొత్త పని కాదు గదా!

మన మతమేదైనను, ఇరుగింట ఎవరైన జబ్బుపడినచో వైద్యుని పిలిపించుట, పథ్యము వండి యిచ్చుట, కొంతసేపు చెంత కూర్చుండుట మన చేతనున్న పనులు. మన పూజావేళ వారి పేరు కూడ తలచుకొందము.