మూతపడిన పెట్రోలు బంకు క్రింది నేల

ఈ సంవత్సరము మన పిల్లల తల్లిదండ్రులు కొందఱు మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. మూతపడిన పెట్రోలు బంకు స్థలము దొరకినచో దానిని పాఠశాలకు ఆటస్థలముగా తీసికొనవచ్చునా, అచ్చటి బోరునీరు పిల్లలు త్రాగవచ్చునా అని. కంటితో చూచి బదులు చెప్పదగిన ప్రశ్న కాదిది. పరీక్ష చేయింపవలయును. ఆ పరీక్ష ఎట్లు జరుగునో తెలిసియుండుట మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

బంకులో మనకు కనబడునది పంపు. పెట్రోలు, డీజిలు నిలువయుండునది నేలలో పాతిన ట్యాంకులలో. పాతకాలపు ట్యాంకులు పెక్కు ఒంటిపొర ఉక్కువి. తడినేల, అందును సముద్రతీరపు ఉప్పునేల, ఉక్కును వెలుపలినుండి తినివేయును. సూదిబెజ్జమంత రంధ్రము చాలును. ట్యాంకునుండి పంపునకు పోవు గొట్టముల అతుకులును కారుచుండును. దినమునకు కొంచెముగా పోవుటచే, యజమాని దానిని ఆవిరితరుగుగా లెక్కకట్టుకొని ఊరకుండును.

నేలలో దిగిన పెట్రోలు కొంత మట్టికి అంటుకొనును, కొంత ఆవిరియగును. మిగిలినది భూగర్భజలమును చేరి, నీటికంటె తేలిక యగుటచే దానిపై పొరగా తేలును. అందలి బెంజీను మొదలగు ద్రవ్యములు కొలదిగా నీట కరగి, నీరు పోవు దిక్కునకు తామును పోవును. బెంజీను చిరకాలము శరీరమున చేరినచో ఎముకల మజ్జను చెఱచును. రక్తపు క్యాన్సరును కలిగింపగలదు. త్రాగునీటియందు అది లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. నేటి మన పెట్రోలులో బెంజీను నూటికి 1 వంతు వఱకు ఉండవచ్చును. అనగా లీటరు పెట్రోలునందు సుమారు 8.8 గ్రాములు. దానిని ఆ హద్దునకు పలుచన చేయుటకు 8 లక్షల 80 వేల లీటర్ల నీరు పట్టును.

మన ముక్కును నమ్ముకొనరాదు. బెంజీను ఆ హద్దును ఎన్నో రెట్లు మించినగాని నీటికి వాసన రాదు. కాచి త్రాగిన సరిపోవునను మాటయు మంచిది కాదు. నీటినుండి లేచిన బెంజీను వంటయింటి గాలిలో చేరును.

ఇది ఊహించిన భయము కాదు. అమెరికాలోని శాంటా మోనికా పట్టణము 1996లో తన నీటిలో సుమారు సగమిచ్చు బావులను మూసివేయవలసి వచ్చెను. ట్యాంకులనుండియు గొట్టములనుండియు కారిన పెట్రోలులోని ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యము ఆ బావులకు చేరెను. ఆ దేశమున 1984లోనే ఇట్టి ట్యాంకులపై చట్టము వచ్చినది. పాతవానిని మార్చుటకో తీసివేయుటకో 1998 డిసెంబరు 22 వఱకు గడువిచ్చిరి. అచ్చట ఇంతవఱకు తేలిన కారుడులు 5 లక్షలకు మించినవి. మనకు సమీపమున, తెలుగు కుటుంబములు తరతరములుగా నున్న ఉత్తర చెన్నైలోని తండయారుపేటలో, 2013లో బోరుబావులనుండి నూనె వచ్చినది. అచ్చట కారినది ట్యాంకు కాదు, భూమిలోని పెట్రోలియము గొట్టము. బావి కనిన కష్టము మాత్రమొకటే. ఆ వ్యవహారము హరిత ట్రిబ్యునలు వఱకు పోయినది.

ఇక పరీక్ష. మొదటి పని కాగితములలో జరుగును. బంకు లైసెన్సుతోడి నక్షాలో ట్యాంకులున్న చోటు గుర్తింపబడి యుండును. ఎన్ని ట్యాంకులు, ఎప్పుడు పాతిరి, మూసినప్పుడు త్రవ్వి తీసిరా లేక ఇసుక నింపి విడిచిరా అనునవి తెలియవలయును. ఇందు ఆ వీధి పెద్దల జ్ఞాపకము నక్షాకంటె ఎక్కువ పనికివచ్చుటయు కలదు. పిమ్మట ట్యాంకు గుంట చుట్టును, గొట్టముల దారివెంటను రంధ్రములు వేసి, వేఱువేఱు లోతులనుండి మట్టి తీసి ప్రయోగశాలకు పంపుదురు. మన దేశమంతట సీసము లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి వచ్చినది. కావున ఆ గుంటమట్టిలో పెట్రోలుతోపాటు సీసము మిక్కుటముగా నున్నచో, కారుడు అంతకుముందటిదని అనుమానింపవచ్చును.

నీటి పరీక్షకు ఒక బావి చాలదు. కనీసము మూడు బావులు, ఒకే వరుసలో గాక త్రిభుజముగా వేయవలయును. ఒక్కొక్క బావిలో నీరెంత లోతున నున్నదో కొలుతురు. అయితే నేల ఎత్తుపల్లములుగా నుండును గనుక ఆ లోతు నేరుగా పనికిరాదు. మూడు బావుల ఒడ్డులను ఒకే మట్టమునుండి కొలిచి, ఆ ఎత్తులోనుండి లోతు తీసివేయుదురు. అప్పుడు నీరు ఏ బావిలో ఎత్తుగా, ఏ బావిలో పల్లముగా నున్నదో తేలును; నీరు ఎత్తునుండి పల్లమునకు పోవును. పాఠశాల బావి ఆ పల్లపు దిక్కున నున్నదా లేదా అనునదే మనకు ముఖ్యము. ఇందు మెలిక ఒకటి కలదు. బోరు గట్టిగా తోడినచో నీరు దిక్కు మార్చుకొని దానివైపే వచ్చును. ఎగువనున్నామని నిశ్చింతగా నుండ వీలులేదు.

ఒక్కసారి కొలుచుటయు చాలదు. వానలలో నీటిమట్టము లేచినపుడు తేలు నూనె మట్టిలో చిక్కుపడి, బావిలో కనబడకపోవచ్చును; ఎండలలో మట్టము దిగినపుడు మరల బయటపడును. కావున ఈశాన్య ఋతుపవనపు వానలు ముగిసిన పిమ్మట ఒకసారి, మే నెలలో ఒకసారి చూడవలయును.

దోషము తేలినచో చెడిన మట్టిని త్రవ్వి తీయుట, నేలలోని ఆవిరిని పీల్చుట, గాలి నెక్కించి నూనెను తిను సూక్ష్మజీవులకు తోడుపడుట మొదలగు ఉపాయములు కలవు. ఏవియు నెలలో ముగియునవి కావు.

క్రొత్త బంకులు పాఠశాలలకు 50 మీటర్ల దూరమున నుండవలెననియు, తప్పనిసరియైనచో అదనపు భద్రతతో నైనను 30 మీటర్లకు లోపల కూడదనియు కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి 2020 జనవరిలో నియమించినది. పాతబడి మూతపడినవానిని గుర్తుచేయవలసినవారము మనమే. ఇట్టి స్థలముల జ్ఞాపకములు గల తల్లిదండ్రులు వానిని పాఠశాల కార్యాలయమున వ్రాసి ఇయ్యవలెనని కోరుచున్నాము. తామై ట్యాంకు మూత తెఱవరాదు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిప్పురవ్వ తగిలిన ప్రేలును. రెండు ఋతువుల పరీక్షలును వచ్చువఱకు అట్టి స్థలపు బోరునీటిని పిల్లలకు పట్టకుండుడు.